యాభై రెండు పూసలు

ముందుగా కనిపించింది పైకప్పు.
గెర్ నడినెత్తిన గుండ్రటి వెలుగు కన్నం,
దాని మీద కప్పిన నీలం పట్టా,
తర్వాత తెర నిండా ఒక బొటనవేలు.
"అవ్వా, ఫోను తిప్పండి. నాకు పిల్లాడు కావాలి."
తిప్పింది నోర్జ్‌మా అవ్వ. తిప్పినప్పుడల్లా
మణికట్టు మీది జపమాల టకటకమంది.

పిల్లాడి పేరు ఇదేర్. మూడేళ్లు.
నన్ను చూడగానే గొర్రెతోలు దుప్పట్లో దూరాడు.
ఉలాన్‌బాతర్‌లో, ఈ మూడో అంతస్తు గదికి వచ్చే పిల్లలకి
నా గుర్తింపు కార్డు తాడు ఇస్తాను.
లాక్కుంటారు, నములుతారు, ఆ సందులో
నా చెయ్యి వాళ్ల పొట్ట మీదికి చేరిపోతుంది.
దుంద్‌గోవికి తాడు ఎలా అందించను?
వాడికి నేను అరచేయంత మొహాన్ని,
మాట ముందు, పెదవులు వెనక.

"జ్వరం ఎంత?"
"చెయ్యి కాలుతోంది."
"బరువు?"
"ఆకురాలు కాలం గొర్రెపిల్లలో సగం ఉంటాడు."
పద్నాలుగు కిలోలని రాసి పక్కన ప్రశ్న గుర్తు పెట్టాను.
మందు మోతాదు ఆ గుర్తు మీద నిలబడాలి.

పెదవులు నీలంగా ఉన్నాయి.
లేక పట్టా నీలమా? నా తెర నీలమా?
నీలం గురించి మా పుస్తకంలో ఒక పేజీ ఉంది,
ఆ పేజీకి ఫోను సంగతి తెలీదు.
"పాలగిన్నె తెచ్చి వాడి బుగ్గ పక్కన పట్టుకోండి."
పిచ్చిదాన్ననుకునే ఉంటుంది. అయినా తెచ్చింది.
పాలు కూడా నీలంగానే ఉన్నాయి.
అమ్మయ్య అనుకున్నాను,
పాల కంటే పెదవులు ఒక పిసరు ఎక్కువ నీలమేమో అని
మళ్లీ చూసేదాకా.

చొక్కా ఎత్తించాను. పక్కటెముకల కింద
చర్మం లోపలికి పోతోందా, దీపం నీడ ఊగుతోందా?
గడియారం పెట్టి లెక్క మొదలుపెట్టాను.
పదిహేడు, పద్దెనిమిది,
బొమ్మ బిగుసుకుంది.
సగం ఊపిరిలో ఆగిపోయిన పిల్లాడు.
ఆగింది సిగ్నలే. తెలుసు.
తెలిసినా వెన్నులో ఏదో పాకింది.
మళ్లీ ఒకటి నుంచి. మళ్లీ బిగుసుకుంది.
మూడోసారి వాడు ఏడ్చాడు,
ఏడ్చే పిల్లాడి ఊపిరి లెక్కకి రాదు.

తర్వాత బొమ్మ పూర్తిగా పోయింది, మాట మిగిలింది.
"అవ్వా, మీ జపమాల తియ్యండి.
పొట్ట మీద చెయ్యి పెట్టండి. లేచినప్పుడల్లా ఒక పూస."
"మంత్రం లేకుండా పూస జరపకూడదు."
"అయితే లోపల అనుకోండి. పొట్ట కంటే ముందుకు పోకండి."

నల్లటి తెర.
టక్. టక్. టక్.
పొయ్యిలో పిడక చిటపట. అది పూసా, పిడకా?
కళ్లు మూసుకున్నాను, ఎలాగూ చీకటే కదా అని.
టక్. టక్.
అరవై సెకన్లు ఇంత పొడుగని
పరీక్ష హాలులో కూడా అనిపించలేదు.
"ఆపండి. ఎన్ని?"

జవాబు లేదు. ఆపిన పూసని వేళ్ల మధ్య నొక్కిపెట్టి
మొదటి పూస నుంచి పెదవులతో లెక్కపెట్టుకుంటోంది కాబోలు.
"యాభై రెండు."

ఆ వయసుకి నలభై దాటకూడదు.
పది పూసలు అబద్ధమాడినా దాటుతుంది.

సోమ్ ఆసుపత్రికి ఫోను చేశాను.
డ్రైవరు గన్‌సుఖ్, బూడిదరంగు రష్యా వ్యాను,
ఒక ఆక్సిజన్ సిలిండరు, డెబ్బై కిలోమీటర్ల మంచు.
అవ్వకి చెప్పాను: నిటారుగా ఎత్తుకోండి,
నీళ్లు చెంచాతో, కొంచెం కొంచెంగా,
పొయ్యి పొగ తగలనివ్వకండి.
ఎన్ని మాటలు చేరాయో తెలీదు.
చివరికి వినిపించింది గాలో, వాడి దగ్గో.

తర్వాతి పేరు తెర మీద వెలుగుతోంది.
మీట నొక్కబోతే కుడి చెయ్యి ఖాళీగా లేదు.
పిడికిట్లో స్టెతస్కోపు బిళ్ల.
చల్లటిది తాకిస్తే పిల్లలు ఉలిక్కిపడతారని
ముందే వేడిచేసుకునే పాత అలవాటు.
ఎప్పుడు తీశానో.
ఇదేర్ ఛాతీకి సరిపడా వెచ్చగా ఉంది.